జోడు తుమ్ము

ఆ రోజుల్లో నవాబు రాజ్యం పోయి కొత్త సర్కారు వచ్చినప్పుడు మా సూర్యాపేటలో అందరికంటే ముందు వణికింది గుమాస్తాలు. ఉర్దూలో నాలుగు ముక్కలు రాయగలిగినందుకు నాకు తాలూకా కచేరీలో కొత్తగా నౌకరీ దొరికింది. ఆ సంతోషం తలకెక్కకముందే, ఇకమీదట కాగితాలన్నీ ఇంగ్లీషులో నడుస్తాయని, మిర్యాలగూడలో పెట్టే పరీక్ష తప్పినవాళ్లు ఇంటికి పోవచ్చని హుకుం వచ్చింది. (ఇంటికి పోవడం కష్టం కాదు, పోయాక తినడమే కష్టం. నాయన పోయాక అమ్మకూ నాయనమ్మకూ నా జీతమే దిక్కు.)

కోదాడ నుంచి వచ్చి మా వీధిలో ఉంటున్న ఒక పంతులు దగ్గర ఇంగ్లీషుకు చేరాను. ఆయన్ని అందరూ కోదాడ సారు అనేవారు. మిగతా పాఠాలు ఎలాగో నెట్టుకొచ్చాను గాని, 'ఇఫ్' దగ్గర నా బండి దిగబడిపోయింది. ఇది జరిగితే అది జరుగుతుంది అనేది ఒక రకం, సరే. ఇది జరిగి ఉంటే అది జరిగి ఉండేది అనేది ఇంకో రకమట! "అయిపోయినదాని గురించి ఇంక మాట్లాడేదేముంటది సార్?" అని ఏడుపు మొహంతో అడిగాను. ఆయన నెత్తి కొట్టుకుని, "మీ ఇంట్లో పెద్దవాళ్లు శకునాలు చెప్తారుగా, అవే రాసుకురావయ్యా. అవన్నీ ఇట్లాంటి వాక్యాలే. ఎందుకు పుట్టాయో కూడా కనుక్కో, అప్పుడైనా బుర్రలో నిలుస్తాయి" అన్నారు.

ఆ సరుక్కు మా నాయనమ్మ పెద్ద గోదాము. రాత్రిపూట గోళ్లు తీస్తే దరిద్రం అంది. ఎందుకని అడిగితే, "గుడ్డిదీపం కాడ తీస్తే గోరు బువ్వల పడ్తదిరా, ఇంకెందుకు!" అంది. మాపటికి ఇల్లు ఊడిస్తే లక్ష్మి పోతుందట, ఎందుకంటే చీకట్లో ముక్కుపుల్ల రాలిపడితే చెత్తతోపాటే పోతుంది. అన్నిటికీ మూలాలు గడగడా చెప్పిన మనిషి తుమ్ము దగ్గర మాత్రం ఆగిపోయింది. "గది అడగకు. ఎవలన్న తుమ్మితే కూసోవాలె, నీళ్లు తాగాలె. గంతే" అని గోడవైపు తిరిగి పడుకుంది.

పరీక్ష రోజు రానే వచ్చింది. మిర్యాలగూడకు పొద్దున బొగ్గుతో నడిచే బస్సు ఒక్కటే గతి. నాకు దారిలో సద్దికని అమ్మ ఎండుమిరపకాయలు వేయిస్తోంది. నేను గడప దాటబోయేసరికి ఆ ఘాటుకు అమ్మే తుమ్మింది. "ఆగు!" అంది నాయనమ్మ. కూర్చున్నాను, నీళ్లు తాగాను, లేచాను. ఈసారి నేనే తుమ్మాను. "జోడైంది, ఇగ మంచిదే, పో" అంటూ నాయనమ్మ తనే తుమ్మింది.

"మూడైనయి! కూసో!"

"బస్సు పోతదే నాయనమ్మా!"

"పోతె పోనియ్యి. జోడు కానియ్యి."

ముగ్గురం ముక్కులు పైకెత్తి నాలుగో తుమ్ముకోసం ఎదురుచూశాం. అవసరానికి తుమ్ము కూడా సర్కారు నౌకరీ లాంటిదే, రమ్మంటే రాదు. అమ్మ పొయ్యిలో ఇంకో గుప్పెడు మిరపకాయలు వేసింది. దగ్గు వచ్చింది గాని తుమ్ము రాలేదు. చివరికి తలుపుకు అడ్డంగా నిలబడ్డ నాయనమ్మ చేతికింద దూరి పరుగెత్తాను. నేను బస్సు ఆగే చోటికి చేరేసరికి అక్కడ బస్సు లేదు, బొగ్గు పొగ మాత్రం ఉంది.

తిరిగొచ్చి, "నా నౌకరీ ఖతం చేసినవ్ గద!" అని నాయనమ్మ మీద అరిచాను. ఏడుపు ఆగలేదు. ఆమె గోడకు చేరగిలబడింది. తర్వాత నెమ్మదిగా అంది: "మీ తాత మఠంపల్లి కాడ కృష్ణ దాటుతందుకు బయలెల్లిన నాడు తుమ్మింది నేనేరా. కొత్త కోడల్ని. మీ నాయన కడుపుల ఉన్నడు. అత్త ముంగట నోరు తెరిసి 'జర కూసో' అనలేకపోయిన. పడవ మునిగింది."

కోదాడ సారు చెప్పిన రెండో రకం వాక్యం నాకు అప్పుడు అర్థమైంది. ఏం లాభం, పరీక్ష పోయింది, వారం తిరక్కుండా నౌకరీ కూడా పోయింది. బియ్యం మిల్లులో గుమాస్తాగానే బతుకంతా గడిచింది. నాయనమ్మ మీద మళ్లీ ఎన్నడూ నోరు లేవలేదు.

ఇప్పుడు నేనే తాతను. శకునాలు నమ్మను, నలుగురిలో గట్టిగానే చెబుతాను. అయినా నేను బయటికి పోతుంటే మనవరాలు కావాలనే తుమ్మి, ఏ జంకూ లేకుండా "జర కూసో తాతా" అంటుంది. చెప్పులు విడిచి కూర్చుంటాను.