రేడియోలో రాతి చప్పుడు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను ఆటపట్టించడంలో మా ఇంట్లో నన్ను మించినవాడు లేడు. ఇప్పటికీ దెయ్యాలున్నాయని అనను. జరిగింది జరిగినట్టు చెప్తాను, మీరే ఆలోచించుకోండి.

నేను విమానాల రేడియో పరికరాలు బాగుచేసే టెక్నీషియన్‌ని. ఉద్యోగం బెంగళూరులో. విమానం గాల్లో ఉన్నప్పుడు పైలట్లకూ కింద ఆఫీసుకూ మధ్య రాతలో మెసేజ్‌లు నడుస్తుంటాయి, మన ఫోన్లో మెసేజ్‌ల లాంటివే. అవి రేడియో మీద వెళ్తాయి. ఆగిపోతే ఎక్కడ ఆగాయో వెతకడం నా పని. పంపినవాడు లేకుండా మెసేజ్ రాదు. నాకు తెలిసిన వేదాంతం అంతే.

సొంతూరు ఆళ్లగడ్డ. మాది విగ్రహాలు చెక్కే ఇల్లు. నేను నంద్యాలలో డిప్లొమా చదివి ఇటు వచ్చేశాను, మా అన్న ఉలి పట్టాడు. కొత్త రాయి దిగితే, లోపల పగులుందేమో ముందు చూడాలి. అన్న ఒకవైపు సుత్తితో మూడు దెబ్బలు కొట్టి ఆగేవాడు. నేను రెండోవైపు చెవి ఆనించి వినేవాణ్ని. గంటలా మోగితే రాయి మంచిది. అప్పుడు నేను తిరిగి ఒక్క దెబ్బ కొట్టాలి. ఆ జవాబు వచ్చేదాకా అన్న మూడేసి దెబ్బలు కొడుతూనే ఉండేవాడు. సెలవుకు వెళ్లినా నాకు ఆ పని తప్పేది కాదు.

రాతి దుమ్ము అన్న ఊపిరితిత్తుల్లో చేరింది. నంద్యాల ఆసుపత్రిలో ఉంచాం. కాస్త తేరుకున్నాడని డాక్టరు అంటే నేను డ్యూటీకి వచ్చేశాను. వచ్చానే గాని, అన్న బతుకుతాడా లేదా అన్న ఆలోచన తప్ప బుర్రలో ఇంకేమీ లేదు.

ఆ మధ్యాహ్నం మెసేజ్‌లు బయటికి పోని విమానం ఒకటి మేం రిపేర్లు చేసే షెడ్డుకు, హ్యాంగర్‌కు వచ్చింది. పైలట్ల గదిలో కూర్చుని, ఆ రేడియోను మాటలు వినే పద్ధతిలోకి మార్చి, హెడ్‌సెట్ పెట్టుకున్నాను. మెసేజ్ వెళ్తే చిర్రుమని చిన్న శబ్దం రావాలి.

చిర్రు రాలేదు. మూడు దెబ్బలు వినిపించాయి. ఆగింది. మళ్లీ మూడు.

వైరు ఎక్కడో వదులైందనుకున్నాను. నాతో పనిచేసే రఫీది నంద్యాలే. ఏమీ చెప్పకుండా హెడ్‌సెట్ అతనికిచ్చాను.

“ఏందన్నా ఇది? యాడనో రాయి కొడ్తాండారే!”

ఆ రేడియోకు కరెంటు తీసేశాను. తీసేస్తే దాని నుంచి ఏ శబ్దమూ రాకూడదు.

“కరెంటే లేదు గదన్నా, యాడి నుంచి వస్తాందిది?” అన్నాడు రఫీ. నవ్వబోయి ఆగిపోయాడు.

అతన్ని వింటూ ఉండమని, రేడియో పెట్టె ఉండే కింది అరలోకి దిగాను. వదులు పట్టడానికి మేం చేసే పని ఒకటుంది. స్క్రూడ్రైవర్ పిడితో పెట్టె మీద ఒక్కసారి తట్టాను.

“ఆగిపాయ అన్నా!” అని పైనుంచి రఫీ అరిచాడు.

తర్వాత వెతికితే యాంటెన్నా కేబుల్ మొదట్లో నీళ్లు చేరి ఉన్నాయి. తుడిచి బిగిస్తే మెసేజ్‌లు పోయాయి. మెసేజ్‌లు ఎందుకు ఆగాయో దానితో తేలింది. ఆ చప్పుడు సంగతి తేలలేదు.

ఫోన్లు లాకర్లో పెట్టి పనిలోకి వెళ్తాం. బయటికొచ్చి చూస్తే వదిన కాల్స్. అన్న పోయాడు.

ఆళ్లగడ్డలో అన్నీ చేశాను. ఏడుపు రాలేదు. ఎవరో భోజనం పెడితే తిన్నాను. జనం వెళ్లిపోయాక వదిన పక్కన కూర్చుని చెప్పింది.

“పొద్దున్నుంచీ మంచం ఇనప కడ్డీ మీద యేలితో కొడ్తానే ఉండె అప్పా. మూడు కొట్టేది, ఆగేది. అలిసిపోతావు వద్దంటే ఇన్లేదు. మధ్యాన్నం ఉన్నట్టుండి ఆపినాడు. ‘తమ్ముడు కొట్టినాడు, రాయి మంచిదే’ అని చెయ్యి దించినాడు. ఇంగ లెయ్యలా.”

హ్యాంగర్ సంగతి ఆమెకు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

కరెంటు లేని రేడియోలో ఆ చప్పుడు ఎలా వినిపించిందో నాకు తెలియదు. రఫీ కూడా విన్నాడు గనక నా భ్రమ అని సరిపెట్టుకోలేను. కానీ నన్ను తినేసేది అది కాదు. నేను ఆ ఒక్క దెబ్బ కొట్టకపోయి ఉంటే, అన్న ఇంకా కొడుతూనే ఉండేవాడేమో.

ఇప్పుడు వైరు వదులైందనిపిస్తే చేత్తో కదిపి చూస్తాను. పెట్టె మీద మాత్రం తట్టను.