ఫోనులో మూడు షిఫ్టుల ఇల్లు

ఈ వానాకాలమంతా మోకాళ్ల నొప్పితో గడప దాటలేక, పొద్దస్తమానం ఒకచోట కూర్చుని కోడలి వంటకు వంకలు పెడుతున్నానని ఇంట్లోవాళ్లు ఏం మంతనాలు చేసుకున్నారో గానీ, డిగ్రీ చదివే మా మనవరాలు సెలవులకు వచ్చి ఒకరోజు పొద్దున్నే నా పక్కన చేరింది. "అవ్వా, నీకొక ఆట పెడ్త, ఆడుకో. చిన్నదే, జల్దిగనే అయిపోతది" అని నా ఫోనులో ఏదో దింపింది. ఈ వయసులో నాకు ఆటలేమిటని విసుక్కుంటూనే కళ్లద్దాలు పెట్టుకుని చూద్దును కదా, తెర మీద ఒక నల్లని బొగ్గుగుట్ట, దాని పక్కన రెండు గదుల ఇల్లు, ఇంటి ముందు గోరంతేసి మనుషులు ముగ్గురు.

ఆ ముగ్గురిలో ఒకడు పొద్దున, ఒకడు మధ్యాహ్నం, ఒకడు రాత్రి బొగ్గుకు పోతారు. తిరిగి వచ్చినవాడికి నీళ్లు కాగబెట్టాలి, అన్నం పెట్టాలి, పడుకోబెట్టాలి. ఒక్కో పనికి ఒక్కో మీట, వేలితో నొక్కితే ఆ పని అవుతుంది. తిండీ నిద్రా సరిగ్గా పడితే వాడు మరునాడు ఇంకాస్త ఎక్కువ బొగ్గు తెస్తాడు, ఆ బొగ్గు పోగుపడితే దానికి బదులుగా ఇంటికి ఏదో ఒక సౌకర్యం అమర్చుకోవచ్చు. ఇంతే ఆట. ఏ దేశంలోనో ఎవరో ఒక్క మనిషే కూర్చుని ఇదంతా తయారు చేశాడట. మా ఇంటి సంగతి అతనికి ఎవరు చెప్పారా అని నేను నోరు తెరిచాను.

ఎందుకంటే నేను గోదావరిఖనికి కాపురానికి వచ్చిననాటి ఇల్లు అచ్చం అదే. అత్తగారు నేను రాకముందే కాలం చేశారు. మామగారు, మా ఆయన, మరిది ముగ్గురూ బొగ్గుబాయి పనివాళ్లే, ముగ్గురివీ మూడు షిఫ్టులు. ఒకరు బొగ్గుమసితో గుమ్మంలోకి అడుగుపెట్టే వేళకు ఇంకొకరు సద్ది పట్టుకుని అదే గుమ్మంలోంచి బయటపడేవారు, మూడో మనిషి లోపలి గదిలో గురక పెడుతూ ఉండేవారు. ఉన్న ఒక్క నులకమంచం ఏనాడూ చల్లబడి ఎరగదు. బొగ్గుల పొయ్యి ఆరిపోతే మళ్లీ వాకిట్లో పెట్టి రాజేసి పొగ పోయేదాకా విసరాలి గనుక దాన్ని ఆరనిచ్చేదాన్నే కాదు. నల్లా దగ్గర బిందెల వరుసలో నిలబడ్డా చెవి మాత్రం బాయి షిఫ్టు సైరన్ మీదే ఉండేది. ఈ వరస అలవాటు పడేలోగా వారం తిరిగేది, షిఫ్టులు మారేవి, నిన్నటిదాకా పొద్దున తిన్న మనిషి ఇవాళ్టి నుంచి రాత్రి తినేవారు. అలా మారిన మొదటిరోజున ఒకసారి, హాయిగా నిద్రపోవలసిన మామగారిని లేపి, సద్ది చేతికిచ్చి డ్యూటీకి పంపించాను. ఆయన పాపం కోడలి మాట కాదనలేక బాయి గేటుదాకా వెళ్లి, అక్కడ అందరిచేత నవ్వించుకుని తిరిగొచ్చారు.

అన్నిటికన్నా కష్టం, పగలు పడుకున్న మనిషి నిద్ర కాపాడటం. నైట్ షిఫ్టు చేసి వచ్చినవాడికి పగటి నిద్ర చాలకపోతే బాయిలో కునుకు పడుతుంది, బాయిలో కునుకు పడితే ఏమవుతుందో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కర లేదు. అందుకే కూరగాయలమ్మే ఆమె మా ఇంటి ముందుకు రాగానే కేక ఆపేసి చేత్తో వంకాయలు చూపించేది. పక్కింటి కోడిపుంజు మీద గంప బోర్లించి పైన దుప్పటి కప్పేదాన్ని, అది ఇంకా తెల్లవారలేదనుకుని ఊరుకునేది. ఒకనాడు పెండ్లి ఊరేగింపు వస్తుంటే ఎదురెళ్లి డప్పులవాళ్లను బతిమాలాను. అక్కడున్న వాళ్లందరూ బాయి ఇండ్ల మనుషులే కాబట్టి, మా ఇల్లు దాటేదాకా డప్పులు చంకన పెట్టుకుని, మాటాపలుకూ లేకుండా తలలు దించుకుని నడిచారు. ఎవరైనా పోయారేమోనని పెండ్లికొడుకు ముఖం పాలిపోయింది.

అంతటి అనుభవం ఉన్న నా చేతిలో ఈ ఆట పెడితే ఊరుకుంటానా? తెర మీద నైట్ షిఫ్టువాడు పడుకోగానే టీవీ తగ్గించమని మా ఆయనకు సైగ చేశాను. ఆయన ఇల్లంతా కలయజూసి "ఎవలు పన్నరే?" అన్నాడు. "పిలగాడు నైటుకు పోయచ్చిండు" అని ఫోను చూపించాను. మనవరాలు పడీ పడీ నవ్వింది గానీ, ఆయన మాత్రం, ఎంతైనా బాయి మనిషి కదా, నోరెత్తకుండా టీవీ తగ్గించాడు. ఇంకో చిక్కేమిటంటే ఆ ఆటలో షిఫ్టులు వాటంతట అవి మారవు. రాత్రి పోయేవాడు ఎప్పటికీ రాత్రే పోతాడు. నా మనసు ఒప్పక వారానికోసారి నేనే వాళ్లను అటూ ఇటూ మార్చేదాన్ని, మార్చినప్పుడల్లా పోగుపడ్డ బొగ్గు తరిగిపోయేది.

"గట్లెందుకు చేస్తవ్ అవ్వా? వానికేమన్న నిజంగ నిద్రస్తదా?" అని మనవరాలు నెత్తి కొట్టుకుంది.

"ఎన్ని దినాలని వాడొక్కడే నైటు చేస్తడే?" అన్నాను.

ఆదివారం నాడు మా ఆయన స్కూటరు మీద చర్చికి వెళ్లాను. ఫోను ఇంట్లోనే ఉండిపోయింది. దేవుడే అందరినీ పోషిస్తాడని పాస్టరుగారు చెబుతుంటే, దేవుడికి మా షిఫ్టుల సంగతి తెలుసో లేదో అని నాకు ఒకటే గుబులు. ఇంటికి రాగానే ఫోను తీశాను. తెర మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంటే మనవరాలు చదివి చెప్పింది, మీరు లేనప్పుడు మీవాళ్లు ఇంత బొగ్గు తెచ్చారు అని. నేను ఉన్నప్పటికంటే ఎక్కువే తెచ్చారు. మరి వాళ్లకు ఎవరు వండారని అడిగితే, వాళ్లే వండుకున్నారంది. మనవరాలి మీద, ఆటను చేసినవాడి మీద, ఆ గోరంత మనుషుల మీద నాకు ఒళ్లు మండిపోయింది.

ఇటువంటి మంట నాకు పూర్వం ఒకసారి కలిగింది. గోలేటిలో మా చెల్లెలి కాన్పుకు వెళ్లవలసి వచ్చింది. కాపురానికి వచ్చాక ఇల్లు వదిలి వెళ్లడం అదే మొదలు. చెల్లెలికి పథ్యం వండుతున్నానే గానీ, ఆ ఊరి బాయి సైరన్ వినబడినప్పుడల్లా ఇప్పుడు మా ఇంట్లో ఎవరు ఆకలితో వచ్చారో, ఎవరు నిద్ర చాలక తూలుతున్నారో అని నా ప్రాణం కొట్టుకులాడేది. బిడ్డకు నీళ్లు పోయడం చెల్లెలికి నేర్పడం కూడా పూర్తికాకుండానే బస్సెక్కి వచ్చేశాను. వచ్చి చూస్తే ఇల్లు అద్దంలా ఉంది. గోలెం నిండా నీళ్లున్నాయి, పొయ్యి నిప్పుల మీదుంది. మామగారు చేసిన పుల్లటి పప్పుచారు ఎంత బాగుందో మా క్వార్టర్ల లైనులోని ఆడవాళ్లు ఒకరి తరువాత ఒకరు వచ్చి చెప్పారు. నువ్వు లేకుంటే ఇల్లు ఇల్లు లెక్క లేదని అంటాడేమో అని మా ఆయన ముఖం వంక చూశాను. "మస్తు గడిచింది, ఏం ఫికర్ లేకుండె" అన్నాడు. నన్ను సంతోషపెడుతున్నాననుకున్నాడు, పిచ్చి మారాజు. పెరట్లోకి వెళ్లి అంట్లు తోముతూ తనివితీరా ఏడ్చాను. ఎవరూ ఆకలితో మాడలేదని కాదు, నేను లేని లోటు ఒక్క పూట కూడా తెలియలేదని.

ఆ తరువాత నుంచి నేను జాగ్రత్తపడ్డాను. ఇంటికి గ్యాసు పొయ్యి వస్తే దాని మీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి, పైన పూలకుండీ పెట్టి, చాలాకాలం బొగ్గుల పొయ్యి మీదే వండాను. గ్యాసంటే భయమని అందరికీ చెప్పేదాన్ని. నిజానికి నా భయం వేరు, ఆ పొయ్యి వెలిగించడం మగవాళ్లకు కూడా వచ్చునని.

ఫోనులోనూ అదే కథ. మనవరాలి పోరు పడలేక నల్లా పెట్టిస్తే నీళ్ల మీట మాయమైంది. దానంతట అదే వెలిగే పొయ్యి తెస్తే వంట మీట పోయింది. సౌకర్యం పెరిగిన కొద్దీ బొగ్గు పెరుగుతోంది, నా వేలికి పని తరుగుతోంది. చివరికి మిగిలింది ఒక్కటే, డ్యూటీ నుంచి వచ్చినవాణ్ని పడుకోబెట్టే మీట. క్యాంటీనూ పడకగదులూ కట్టిస్తే అదీ పోతుంది, ఆట ముగుస్తుంది. కావలసినదానికి ఎన్నో రెట్లు బొగ్గు పోగుపడినా నేను కట్టించలేదు. రోజూ ముగ్గురినీ ఒక్కొక్కరుగా పడుకోబెట్టుకుంటూ కాలం గడిపాను. సెలవులు అయిపోయి కాలేజీకి బయలుదేరే నాడు మనవరాలు బ్యాగు సర్దుకుని వచ్చి, "నేను పోయేలోపు ఆఖరుకు ఏమైతదో ఒక్కసారి చూపియ్యవా అవ్వా?" అని గడ్డం పట్టుకుంది. కాదనలేక నొక్కాను.

మీటలన్నీ పోయాయి. ముగ్గురూ వాళ్లంతట వాళ్లు తింటున్నారు, పడుకుంటున్నారు, పోతున్నారు, వస్తున్నారు. అప్పటిదాకా లోపల ఎక్కడుందో, ఒక ఆడమనిషి ఇంట్లోంచి బయటికి వచ్చి గుమ్మం ముందు కూర్చుంది. చేతిలో ఏమీ లేదు. ఆమె మీద వేలు పెట్టి నొక్కితే లేచి, కొంగు సర్దుకుని, గుమ్మానికి అటుపక్క కూర్చుంది. మళ్లీ నొక్కితే ఇటుపక్క కూర్చుంది.

"ఇగ ఈమె ఏం జెయ్యాలె?" అని అడిగాను.

"ఏం లేదవ్వా. అయిపోయింది. గెలిచినవ్" అని నా బుగ్గ మీద ముద్దు పెట్టి బస్సుకు పరుగెత్తింది.

ఆ రోజుల్లో ఫస్టు షిఫ్టు మనిషి వెళ్లిపోయి, నైట్ షిఫ్టు మనిషి ఇంకా ఇల్లు చేరని కాస్త సందులో, గడప మీద కూలబడి గ్లాసు అడుగున మిగిలిన చాయ్ తాగుతూ, ప్రభువా ఈ సందును ఇంకొంచెం పెద్దది చెయ్యి అని వేడుకునేదాన్ని. మీరూ ఏదో ఒక దేవుణ్ని అడిగే ఉంటారు. ఆయన వినలేదనే ఇన్నేళ్లూ అనుకున్నాను. విన్నాడు. నల్లా ఇంట్లోకి వచ్చింది, మా లైనులో బొగ్గుల పొగ లేకుండా పోయింది, జ్యోతినగర్‌ కరెంటు ప్లాంటులో డ్యూటీ చేసే కొడుకు అక్కడి క్యాంటీనులోనే తింటున్నాడు, కోడలు కుక్కరు రెండు కూతల్లో వంట ముగిస్తోంది, మా ఆయనకు ఏ షిఫ్టూ లేదు. ఆ కాస్త సందూ పెరిగి పెరిగి పొద్దంతా అయింది. దాని నడుమ కూర్చుని, ఎవరైనా నిలువెల్లా బొగ్గుమసితో వచ్చి అన్నం పెట్టమంటారేమోనని వాకిలి వైపు చూస్తున్నాను.