వీపు వెనుక పాఠం

బీడీ ఆకు కత్తిరించడానికి కత్తెర పట్టుకున్న ప్రతిసారీ నాకొక వీపు కనబడుతుంది. ఆడపిల్ల వీపు. రంగు పోయిన స్కూలు చొక్కా, ఎర్ర రిబ్బన్ల రెండు జడలు. మా ఇంటి గడపలో, వీధి వైపు మొహం పెట్టి కూర్చున్న పిల్ల. కరోనా కాలం నుంచి ఆ వీపును మోస్తున్నాను. కొడుకుకి చెప్పలేదు, కోడలికి చెప్పలేదు. దేవుడి ముందు దీపం పెట్టినప్పుడు కూడా ఆ మాట దాటేసి మిగతావన్నీ చెప్పుకున్నాను. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెయ్యి కదులుతోంది. పేర్లు మార్చాను. జరిగింది మాత్రం మార్చలేదు.

మాది ఎల్లారెడ్డి దగ్గర ఒక ఊరు. బీడీలు చుట్టి బతికినదాన్ని. మూడో తరగతిలో బడి మానేశాను. అయినా విన్నది మరవను. మా అమ్మ ఆకు కత్తిరిస్తూ చెప్పిన కథలు ఈరోజుకీ ఒక్క ముక్క జారకుండా చెప్పగలను. ఎవరి పెళ్ళిలో ఎవరు అలిగారో, అలిగినవాళ్ళను ఏమని బతిమాలారో కూడా చెప్పగలను. పిల్లలు కథల కోసం మా ఇంటికే వచ్చేవారు. ఆ గర్వం నాకుండేది. నా తప్పు ఆ గర్వంలోంచే పుట్టిందని చెప్పుకుంటే కొంచెం సుఖంగా ఉంటుంది. కానీ అది మొత్తం నిజం కాదు.

బళ్ళు మూసేశారు. పాఠాలు టీవీలో వస్తాయన్నారు. టీవీ లేని పిల్లలు ఏం కావాలి? కామారెడ్డి నుంచి వచ్చే మాధవి టీచరమ్మ మూతికి గుడ్డ కట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. టీవీ లేని పిల్లల్ని టీవీ ఉన్న ఇళ్ళకు పంచింది. అవతలి వాడ నుంచి ఎస్తేరు అనే పిల్ల మా ఇంటి వంతుకొచ్చింది. నా మనవరాలు శ్రావణి, ఆ పిల్ల ఒకటే తరగతి. ఎస్తేరు తల్లి నాట్లకు పోతూ పిల్లను మా వాకిట్లో దింపి, జర చూసుకో అవ్వా అని చేతులు పట్టుకుంది. చూసుకుంటానన్నాను.

మా టీవీ లోపలి గదిలో ఉంది. బొమ్మ బాగా కనబడాలంటే కిటికీ మూయాలి. నా పనికేమో వెలుతురు కావాలి. నానబెట్టిన తునికాకు మీద రేకు ముక్క పెట్టి, దాని కొలతకు కత్తిరించాలి. ఈనె పక్కకు పోతే బీడీ పగులుతుంది. అందుకే ఆకు కత్తిరించే మనిషి ఎప్పుడూ గడపలోనే, వెలుతురుకు ఎదురుగా కూర్చుంటుంది. ఆ రోజుల్లో నా కళ్ళు మసకబారాయి. ఎస్తేరు చేతులు చురుకైనవి. ఊరికే కూర్చునే బదులు ఇంత ఆకు కత్తిరించి పెడితే ఏం పోతుంది అనుకున్నాను. చేట ఇచ్చాను. కత్తెర ఇచ్చాను. గడపలో కూర్చోబెట్టాను. టీవీ ఆ పిల్ల వీపు వెనుక ఉండిపోయింది.

వెలుతురు కోసమే కూర్చోబెట్టానా? ఈ ప్రశ్న రాయడానికి ఇందాకటి నుంచి తడబడుతున్నాను. అవతలి వాడ పిల్ల కాకపోయి ఉంటే గడప దాటించి లోపలికి పిలిచేదాన్నేనా? ఆకు పని మా వాడ పిల్లకు చెప్పేదాన్నేనా? మా వాడ పిల్లలిద్దరు శ్రావణి పక్కన చాప మీద కూర్చుని పాఠం చూసేవారు. వాళ్ళ చేతిలో నేను కత్తెర పెట్టలేదు. ఇంతకంటే జవాబేం కావాలి.

ఒక రోజు టీవీలో సారు భాగహారం చెబుతున్నారు. ఎస్తేరు కత్తెర ఆపింది. మెడ తిప్పలేదు. ముందుకే చూస్తూ అడిగింది.

"అవ్వా, ఒక్కపారి అటు మల్లి చూడనా? సారు 'ఇక్కడ' అంటుండు. 'దీన్ని ఇక్కడికి దించుదాం' అంటుండు. ఇక్కడంటే యాడనో తెలుస్తలేదు."

"చెవులున్నయి గదనే. నేను గిన్ని కతలు చెప్తున్న, ఏ టీవీల చూసి నేర్చిన? ఇను, సాలు."

"కత ఏరే, లెక్క ఏరే అవ్వా."

"అబ్బో, నాకే చెప్పొస్తివి. ఆకు పాడుగాకుండ చూడు."

చాప మీద పిల్లలు నవ్వారు. కత్తెర మళ్ళీ మొదలైంది. ఆ మాటను నేను నిజంగా నమ్మానా? చెవి ఉంటే చాలని? నమ్మి ఉంటే శ్రావణిని టీవీకి ఎదురుగా ఎందుకు కూర్చోబెట్టాను? "కనవడుతుందా బిడ్డా" అని దాన్ని ఎందుకు అడిగాను?

టీచరమ్మ ఫొటోలు పంపమనేది. పిల్లలు పాఠం చూస్తున్నట్టు రుజువు కావాలి. అప్పుడు మాత్రం ఎస్తేరును లోపలికి పిలిచేదాన్ని. చేతికంటిన ఆకు తడి తుడుచుకోమని, అందరికంటే ముందు కూర్చోబెట్టేదాన్ని. శ్రావణి వాళ్ళ నాన్న ఫోనుతో ఫొటో తీసేది. ఆ కాస్త సేపే ఎస్తేరు తలెత్తి టీవీని చూసేది. ఆకలిగా ఉన్నవాళ్ళు విస్తరిని చూసినట్టు చూసేది. ఫొటో కాగానే నేనేమీ అనక్కర్లేకుండానే లేచి గడపలోకి వెళ్ళిపోయేది. నేనేమీ అనక్కర్లేకపోవడమే నన్ను ఇప్పుడు ఎక్కువగా కోస్తోంది.

ఇప్పుడు చెప్పేది నమ్ముతారో లేదో. ఒక సాయంత్రం చాప మీద పిల్లలు ముందురోజు పాఠం మరిచిపోయి కొట్లాడుకుంటున్నారు. గడపలోంచి గొంతు వినిపించింది. నీళ్ళు ఆవిరై మబ్బై వానై మళ్ళీ నేలకు ఎలా చేరతాయో మొదటి నుంచి చివరిదాకా ఎస్తేరు చెప్పింది. టీవీ సారు ఎక్కడ దగ్గాడో అక్కడ దగ్గింది. ఎక్కడ ఆగాడో అక్కడ ఆగింది. చేతిలో కత్తెర ఆగలేదు. ఒక్క ఆకు చెడలేదు. నా చేతిలో బీడీ సగం చుట్టి అలాగే ఉండిపోయింది. నా అంత జ్ఞాపకం ఉన్న మనిషిని నేను అంతవరకూ చూడలేదు. ఆ పిల్ల జ్ఞాపకం నాకంటే పెద్దది. అంత గొప్పదాన్ని కళ్ళారా చూసి నేనేం చేశాను? చూశావా, వింటే చాలు కదా అనుకున్నాను. మర్నాడు మళ్ళీ చేట ఇచ్చాను.

బళ్ళు తెరిచారు. పిల్లలు నాలుగో తరగతికొచ్చారు. ఒక రోజు శ్రావణి నీళ్ళ సీసా మరిచిపోతే ఇద్దామని బడికి వెళ్ళాను. ఎస్తేరు నల్లబల్ల దగ్గర ఉంది. టీచరమ్మ భాగహారం ఇచ్చింది. ఆ పిల్ల సుద్దముక్క పట్టుకుని, టీవీ సారు గొంతుతో మొదలుపెట్టింది. చూడండి పిల్లలూ, ఇప్పుడు దీన్ని ఇక్కడికి దించుదాం. ఒక్క మాట తప్పలేదు. కానీ చెయ్యి గాలిలో ఆగిపోయింది. 'ఇక్కడ' ఎక్కడో ఆ చేతికి తెలియదు. పైన రాసింది, పక్కన రాసింది, చెరిపింది. పిల్లలు కిసుక్కుమన్నారు.

టీచరమ్మ నా వైపు తిరిగింది. ఈ పిల్ల మీ ఇంట్లోనే కదా పాఠాలు చూసింది, అంతా నోటికొచ్చు, మరి లెక్క ఎందుకు రాలేదు అని అడిగింది. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. ఒక్క మాట చెబితే సరిపోయేది.

"ముందట్నే కూసోని చూసింది టీచరమ్మా," అన్నాను. "నువ్వు ఫొటోల చూడలేదా? దాని తలకు లెక్కలు ఎక్కయి గావచ్చు."

ఎస్తేరు నన్ను చూసింది. కోపం లేదు ఆ చూపులో. తనకు తెలియకుండా తను నిజంగానే ముందు కూర్చుందేమో అన్నట్టు చూసింది. శ్రావణి తల దించుకుంది.

ఆ ఏడాది గురుకులం పరీక్షకు టీచరమ్మ కొంతమందిని బడి అయ్యాక కూర్చోబెట్టి చదివించింది. శ్రావణిని తీసుకుంది. ఎస్తేరును తీసుకోలేదు. అందరితో సమంగా చూసినా రాలేదంటే ఆ పిల్లకు రాదనుకుంది. ఆమె తప్పేముంది, నా మాట నమ్మింది. శ్రావణికి సీటొచ్చింది. ఊళ్ళో స్వీట్లు పంచాను. అవతలి వాడకూ పంపాను. ఎస్తేరు తల్లి ఆ మిఠాయి తింటూ మా వాకిట్లో ఆగి, మా పిల్లకు లెక్క రాదట అవ్వా, ఏం జేస్తం అంది. నేను తలూపాను.

ఈ మధ్య ఎల్లారెడ్డిలో చిన్న మనవడి బడికి వెళ్ళాను. తరగతిలో కొత్తగా పెద్ద తెర పెట్టారు, వేలితో తాకితే రాస్తుంది, ఇంట్లోవాళ్ళు వచ్చి చూడమన్నారు. కొడుకు ఆటో తోలుకుంటూ కామారెడ్డిలో ఉన్నాడు. నేనే బస్సెక్కాను.

తెర ముందు పిల్లల్ని సర్దుతూ ఒక పెద్ద తరగతి అమ్మాయి తిరుగుతోంది. జడలు చూసి గుర్తుపట్టాను, మా ఊరి బడి అయ్యాక ఇక్కడే చేరిందట. పాఠం మొదలు కాకముందు ఎస్తేరు ఒక వింత పని చేసింది. గది మూలల్లోకి పోయి, వెనుక బల్లల మీద, కిటికీ పక్కన, ఒక్కో చోట తను కూర్చుని తెర వైపు చూసింది. ఎండ పడి మెరిసే చోట పరదా లాగింది. స్తంభం అడ్డొచ్చే చోట బల్ల జరిపించింది. ఎవరూ చెప్పలేదు తనకు. సారు వేలు పెట్టి, దీన్ని ఇక్కడికి దించుదాం అనగానే చెయ్యి ఎత్తింది.

"సార్, ఇక్కడంటే ఎనకోళ్ళకు తెల్వది. గీత కింద, కుడి దిక్కు అని చెప్పుర్రి."

"ఇగో, మా ఇన్‌స్పెక్టరమ్మ లేసింది," అని సారు నవ్వాడు. నవ్వుతూనే, గీత కింద, కుడి దిక్కు అని మళ్ళీ చెప్పాడు.

ఎక్కడ నేర్చుకుంది ఇది? నా గడపలోనే కదా. నేను లాక్కున్నదాన్ని ఆ పిల్ల మరొకరికి దక్కేలా చూస్తోంది. దానికి జ్ఞాపకం ఉండి చేస్తోందా? మరవని పిల్ల కదా, ఉండకుండా ఎలా ఉంటుంది?

తలుపు దగ్గర నిలబడ్డ నన్ను చూసింది. దగ్గరికొచ్చింది.

"మంచిగున్నవా అవ్వా? గీడికెళ్ళి కనవడది. ముందటికి రా."

చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, తెరకు ఎదురుగా మొదటి బల్ల మీద కూర్చోబెట్టింది. తెర మీద అంకె మెల్లగా గీత కిందికి దిగింది. ఓహో, ఇక్కడా, అనుకున్నాను. ఇంత వయసొచ్చాక చూశాను. కళ్ళు నిండాయి. ఎస్తేరు అప్పటికే వెనక్కి వెళ్ళిపోయింది. పాఠం అయ్యాక వెతికితే పిల్లల గుంపులో దూరంగా కనబడింది. పిలవాలనుకున్నాను. పిలవకుండానే బస్సెక్కి వచ్చేశాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు క్షమించగలిగేది కాదు, ఆ పిల్లను అడగడానికి నాకింకా మొహం లేదు. పోయిన సీటు నా మాటతో తిరిగి రాదు. కానీ ఆ రోజు నల్లబల్ల దగ్గర టీచరమ్మకు చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర మిగిలిపోయింది. ఇన్నాళ్ళూ నోట్లోనే ఉంది. దాన్ని ఇక్కడ పెడుతున్నాను.

ఆ పిల్ల చూడలేదు టీచరమ్మా. నేనే చూడనియ్యలేదు.