రామనర్సయ్య దస్తీ వేశాడంటే

ఖాళీ సీటు కనిపిస్తే రామనర్సయ్య చేయి ఊరుకోదు. జేబులోంచి దస్తీ తీసి దాని మీద వేయాల్సిందే. అది బస్సు సీటా, మంగలి షాపు కుర్చీయా, దవాఖానలో డాక్టరు గది ముందు బెంచీయా అన్న వివక్ష ఆయనకు లేదు. దస్తీ అంటే చేతిరుమాలు. సూర్యాపేటలో దస్తీ అంటారు, కోదాడ చేరేసరికి అదే కర్చీఫ్ అయిపోతుంది. పేరు మారినా దాని అధికారం మాత్రం మారదు.

ఆ అధికారం గురించి తెలియని అమాయకుల కోసం రెండు ముక్కలు చెప్పాలి. బస్సు స్టాండులోకి తిరుగుతుండగానే కిటికీలోంచి చేయి దూర్చి సీటు మీద దస్తీ వేసినవాడిదే ఆ సీటు. తలుపు దగ్గర పదిమందిని తోసుకుని ముందుగా ఎక్కిన వీరుడైనా సరే, దస్తీని చూసి తలవంచి పక్కకు తప్పుకోవాలి. ఈ చట్టాన్ని ఏ శాసనసభా చేయలేదు. బహుశా అందుకే జనం దీన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు.

రామనర్సయ్య ఇల్లు తిరుమలగిరిలో, విత్తనాల దుకాణం సూర్యాపేటలో. ముప్ఫై ఏళ్లుగా పొద్దున ఫస్టు బస్సుకు పోవడం, సాయంత్రం బస్సుకు రావడం. ఆయన దగ్గర ఎప్పుడూ నాలుగు దస్తీలకు తక్కువ ఉండవు. అన్నీ ఎర్రగళ్లవే. దూరం నుంచి చూసినా ఎవరివో తెలియాలని ఆయన ఉద్దేశం. దేశాలకు జెండాలున్నట్టు.

తన పెళ్లిలో ఆయన చేసిన పని మిర్యాలగూడలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ముహూర్తానికి గంట ముందే వచ్చి రెండు పీటల మీదా రెండు దస్తీలు వేశాడు. పంతులుగారు చూసి, "నాయనా, ఇక్కడ నీకు పోటీ ఎవరూ లేరు" అన్నారు. పెళ్లికొడుకు దస్తీలు తీయలేదు. "ఎందుకైనా మంచిది పంతులూ" అన్నాడట.

అసలు కథ ఆ మర్నాడు మొదలైంది. అత్తవారింటికి పోవడానికి పెళ్లికూతురు సరోజన మిర్యాలగూడ స్టాండుకు వచ్చింది. కొత్త పెళ్లికొడుకు కిటికీలోంచి రెండు దస్తీలు గురిచూసి వేశాడు, రెండు సీట్లు పట్టాడు. పెళ్లికూతురు సిగ్గుపడుతూ కిటికీ పక్కన కూర్చుని, బస్సు ఊరు దాటాక ధైర్యం చేసి పక్కకు చూసింది. పక్కన మొగుడు లేడు. ములక్కాయల గంపతో ఒక ముసలమ్మ ఉంది. మొగుడు తలుపు దగ్గర రాడ్డు పట్టుకుని వేలాడుతున్నాడు.

సూర్యాపేటలో దిగాక సరోజన అడిగిన మొదటి ప్రశ్న: "నీ సీటేమైంది?"

"పోయింది."

"ఎట్ల పోతది? దస్తీ ఏసినవ్ గదా."

"జర లేచిన. గామె కూసున్నది. ఏం జేస్త మరి."

అది మొదలు ఇరవై ఏడేళ్లలో ఏ ప్రయాణంలోనూ సరోజన పక్కన రామనర్సయ్య కూర్చున్న పాపాన పోలేదు. రెండు సీట్లు పట్టడం ఖాయం, అందులో ఒకటి పోవడమూ ఖాయం. ఆమె పక్కన కోడిపిల్లల బుట్ట కూర్చుంది, గవదలు వాచిన పిల్లవాడు కూర్చున్నాడు, పెద్దవూర దాకా గురకపెట్టిన పెద్దమనిషి కూర్చున్నాడు. "జర లేచిన", "గాలాడలే", "నడుం వట్టేసింది" అని ఆయన సంజాయిషీలు. ఆలోచించి ఆలోచించి సరోజన ఒక సిద్ధాంతానికి వచ్చింది. ఈయనకు సీటు పట్టడమే సరదా, కూర్చోవడం కాదు. పొద్దంతా గాలం వేసి, పట్టిన చేపను మళ్లీ చెరువులోకే వదిలేసే రకం.

ఇలా ఉండగా ఒక విత్తనాల కంపెనీకి సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ డీలర్ల మీద ప్రేమ పుట్టింది. పత్తి విత్తనాలు బాగా అమ్మినవాళ్లను, కావాలంటే భార్యలతో సహా, బ్యాంకాక్ తీసుకుపోతామంది. అందరికంటే ఎక్కువ అమ్మిన ఇద్దరికి, అంటే రామనర్సయ్యకూ కోదాడ గోపయ్యకూ, విమానం ఎక్కేముందు ఆ విమాన కంపెనీవాళ్ల లాంజ్‌లో కూర్చునే గౌరవం కూడా ఇచ్చింది.

సరోజన ఒకే షరతు పెట్టింది. "నాకు బ్యాంకాక్ వద్దు, ఏం వద్దు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నా పక్కన కూసోని రా. నడుమల లేస్తే మాత్రం నేను గాడనే దిగుత."

"విమానంల నడుమల దిగనియ్యరే."

"అందుకే జెప్తున్న."

రామనర్సయ్య సరేనన్నాడు. నమ్మకం కుదరక సరోజన ప్రయాణం రోజు ఆయన జేబులు, సంచి, టిఫిన్ డబ్బా వెతికి ఏడు దస్తీలు స్వాధీనం చేసుకుంది. ఇంట్లో వదిలితే మళ్లీ జేబులోకి పాకుతాయని తన హ్యాండ్‌బ్యాగులో వేసి జిప్పు లాగింది.

విమానాశ్రయంలో తనిఖీ చేసే జవాను రామనర్సయ్య నడుం తడిమి ఒక దస్తీ తీశాడు. మేజోడులోంచి ఇంకోటి తీశాడు. రెండో మేజోడులోంచి మూడోది, టోపీ లోపలినుంచి నాలుగోది. వెనక వరుసలో పిల్లలు పావురం కూడా వస్తుందేమోనని ఆశగా చూశారు. "యే సబ్ కిస్ లియే?" అన్నాడు జవాను. "సీటు కే లియే" అన్నాడు రామనర్సయ్య వినయంగా. జవాను ఆ నాలుగింటినీ స్కానర్‌లోంచి రెండుసార్లు పంపి, ప్రమాదకరం కాదని తేల్చి తిరిగి ఇచ్చాడు. ఆ మాట సరోజనను అడిగి ఉండాల్సింది.

కంపెనీ కుర్రాడు ధనుంజయ్ ముందే పంచిన బోర్డింగ్ పాసులను అప్పటిదాకా ఎవరూ సరిగ్గా చూడలేదు. ఇప్పుడు సరోజన కళ్లజోడు పెట్టుకుని నంబర్లు చూసింది. ఆయనది పద్నాలుగో వరుస. తనది ఇరవై ఏడు.

"గిదేంది బాబూ, ఇద్దరివి అవుతలొకటి ఇవుతలొకటి?"

"గ్రూపు బుకింగ్ ఆంటీ. కంప్యూటరే ఏస్తది. ఫ్లైట్ ఫుల్లు, మార్చనీకి లేదంటున్నరు."

సరోజన కళ్లజోడు తీసి డబ్బాలో పెట్టి మూత టక్కున వేసింది. ఆ చప్పుడు ఎంత ప్రమాదమో తెలిసిన రామనర్సయ్య గొంతు తగ్గించి, "పోనీ తియ్, లాంజ్‌లనన్న పక్కపక్కన కూసుందం. మూడు గంటల టైమున్నది. బస్సు ప్రయాణమంత" అన్నాడు. సరోజనకు అది సబబుగానే తోచింది. కదలకపోతే ఏం, పక్కన ఉంటే చాలు.

లాంజ్ చల్లగా, మెత్తగా, నిశ్శబ్దంగా ఉంది. ఒకవైపు ఇడ్లీ నుంచి కేకు దాకా వరసగా పెట్టి ఉన్నాయి. గోపయ్య పళ్లెం పట్టుకుని చుట్టూ చూశాడు. "అచ్చం పెళ్లివారి విడిదిలా ఉందండీ. కాకపోతే తినండి తినండి అని బతిమాలేవాళ్లు ఒక్కళ్లూ లేరు. ఎట్లా తింటాం?"

రామనర్సయ్యకు ఇడ్లీలు కనిపించలేదు. అద్దాల గోడ పక్కన, విమానాలు కనిపించేలా, నాలుగు మెత్తటి కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. అవి మాత్రమే కనిపించాయి. నాలుగు దస్తీలు నాలుగింటి మీద పడ్డాయి.

"అంకుల్," అన్నాడు ధనుంజయ్ చుట్టూ చూసుకుంటూ, "గీడ దస్తీలక్కర్లే. ఎన్ని కుర్చీలుంటే అన్ని మనయే."

"మనయే అని అందరనుకుంటరు బిడ్డా. అందుకే ఎయ్యాలె."

ఇద్దరూ టీ తెచ్చుకునేసరికి దస్తీలు మాయం. బల్లలు తుడిచే మనిషి వాటిని వాడేసిన గుడ్డలనుకుని ఉతికే తొట్టిలో పడేసింది. రామనర్సయ్య వెంటపడి, నాలుగూ ఏరి, దులిపి, యథాస్థానంలో ప్రతిష్ఠించాడు. ఆ తర్వాత ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. సరోజన టీ తాగింది. ఒక విమానం లేచింది. ఇంకొకటి దిగింది. సరిగ్గా పదకొండు నిమిషాలు ఆమె ప్రపంచంలో ఏ లోపమూ లేదు.

పన్నెండో నిమిషంలో ఇంకేదో విమానం ఆలస్యమని చెప్పారు. దాని జనమంతా లాంజ్‌లోకి వచ్చిపడ్డారు. చూస్తుండగానే కుర్చీలు నిండిపోయాయి. కర్ర ఊతంగా ఒక విదేశీ ముసలావిడ, ఆమె చేయి పట్టుకుని భర్త, దారి తప్పినట్టు నిలబడ్డారు. రామనర్సయ్య ఎదురు కుర్చీల మీది దస్తీలు లాగేసి, "రా అమ్మా, కూసో. నువ్వు గూడ కూసో పెద్దాయనా" అన్నాడు, స్వచ్ఛమైన తెలుగులో. వాళ్లకు తు.చ. తప్పకుండా అర్థమైంది. కూర్చుని రెండు చేతులూ జోడించారు.

సరోజన ఊపిరి పీల్చుకుంది. ఇద్దరికీ ఇచ్చాడు, ఇక అయిపోయింది.

అప్పుడే చంకలో బిడ్డ, భుజాన సంచితో ఒక తల్లి వచ్చింది.

సరోజన మెల్లగా, పళ్ల మధ్యనుంచి అంది: "లేవకు."

"లేస్తలేను. జర నడుం వట్టేసింది..."

తల్లీబిడ్డా కూర్చున్నారు. రామనర్సయ్య పక్కనున్న స్తంభాన్ని పట్టుకుని, బస్సు రాడ్డు పట్టుకున్నట్టే కాళ్లు కాస్త ఎడంగా పెట్టి నిలబడ్డాడు. బ్రేకు వేస్తే పడకుండా. సరోజన మొహం అద్దం వైపు తిప్పుకుంది. బయట విమానాలు మసకబారాయి. అద్దం బాగానే ఉంది.

"అన్నా," అన్నాడు గోపయ్య కేకు నములుతూ, "ఇరవై ఏళ్లుగా చూస్తున్నా. సీటు పట్టుకుంటావు, పోగొట్టుకుంటావు. కూర్చోవడం చేతగానప్పుడు ఆ కర్చీఫులు దేనికయ్యా?"

అంతలో నల్లకోటు వేసుకున్న అమ్మాయి వచ్చింది. అక్కడి ఉద్యోగి. కోటు మీద సంతోషి అని పేరు ఉంది. ఎవరో ఫిర్యాదు చేసినట్టున్నారు. "సర్, ఇక్కడ గుడ్డలు వేసి సీట్లు ఆపకూడదు సర్. దయచేసి..." అంటూనే ఆయన చేతిలో ఎర్రగళ్లు చూసింది. తర్వాత స్తంభం పట్టుకున్న తీరు చూసింది. ఆమె భాష ఒక్కసారిగా కోటు విప్పేసింది.

"పెదనాయినా, నువ్వు తిర్మలగిరి ఫస్టు బస్సు పెదనాయినవు గదా?"

రామనర్సయ్య దొంగలా చుట్టూ చూశాడు. "కాదు బిడ్డా. నేను గాడికి బస్సుల పోనేపోను."

"నేను పెదనాయినా, డిగ్రీల కాలిరిగిన పిల్లను. రెండు నెలలు నీ దస్తీ సీట్లనే గద పోయిన." ఆమె సరోజన వైపు తిరిగింది. "ఫస్టు బస్సు సంగతి మీకెరుకే గదమ్మా, నిలవడనీకె జాగుండది. ఈయన దస్తీ ఏసి పెట్టేది. ఎవలన్న కూసోవోతే 'మా ఇంటామె వస్తది, లే' అని లొల్లి వెట్టేది. నేనెక్కంగనే దస్తీ తీసి, 'ఆమె ఇయ్యాల రాదంట, నువ్వు కూసో బిడ్డా' అనేది."

"రోజా?" అంది సరోజన.

"రోజు. నాకంటె ముందుగాల కడుపుతోటున్న టీచరమ్మకు. నా ఎనక ఒక కండ్లు కనవడని తాతకు. బస్సుల అందరం గా పెద్దమ్మ గురించే మాట్లాడుకుంటుంటిమి. రోజు సీటు పడ్తడు, ఆమె ఒక్కనాడు ఎక్కదేందని." అమ్మాయి ఆగి, పరీక్షగా చూసింది. "గా పెద్దమ్మవు నువ్వేనా?"

ఇన్నేళ్లుగా సరోజన పొద్దున ఇంట్లో రొట్టెలు కాలుస్తున్న సమయంలో ఫస్టు బస్సులో కూడా తానే కూర్చుని సూర్యాపేట పోతూ ఉందన్నమాట. ఒకరోజు కాలు విరిగి, ఒకరోజు కడుపుతో, ఒకరోజు కళ్లు కనిపించక. ములక్కాయల గంప, కోడిపిల్లల బుట్ట, గవదల పిల్లవాడు వరసగా కళ్లముందు నడిచిపోయారు. ఒక్క సీటూ పోలేదు. అన్నీ ఇచ్చినవే.

"నా పేరు మీద రోజు అబద్ధాలాడినవా?"

"నీ పేరు జెప్తేనే లేస్తరు," అన్నాడు రామనర్సయ్య నేల చూస్తూ. "నాది జెప్తే ఎవడింటడు?"

"నాకెందుకు జెప్పలే?"

"ఏమని జెప్పాలె? దస్తీ ఏసుడు గూడ జెప్పుకునే పనేనా?"

గోపయ్య కేకు నమలడం ఆపాడు. ఆయన చరిత్రలో అది అరుదైన సంఘటన.

విమానం ఎక్కమని పిలుపు వచ్చింది. "సీటు నంబర్లుంటయి ఆంటీ, ఉరకాల్సిన పనిలేదు" అని ధనుంజయ్ చెబుతూనే ఉన్నాడు. సరోజన అప్పటికే వరుసలో మొదట ఉంది.

గోపయ్య తన సీటు వెతుక్కుంటూ ఇరవై ఏడో వరుస దాకా వచ్చాడు. కిటికీ పక్కన సరోజన. పక్క సీటు మీద నలుమూలలూ సాపుచేసి పరచిన ఎర్రగళ్ల దస్తీ. ఆమె ఒడిలో హ్యాండ్‌బ్యాగు జిప్పు తెరిచి ఉంది.

"వదినా, ఇది నా సీటు. ఇదిగో, నంబరు కూడా ఉంది."

"దస్తీ కనవడ్తలేదా గోపయ్యా?"

గోపయ్య దస్తీని చూశాడు. బోర్డింగ్ పాసును చూశాడు. రెండింటిలో ఏది పెద్దదో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. "తప్పయిపోయింది వదినా" అని పద్నాలుగో వరుసకు నడిచాడు. అక్కడినుంచి రామనర్సయ్యను లేపి పంపాడు.

రామనర్సయ్య వచ్చి నిలబడ్డాడు. ఇరవై ఏడేళ్లలో తనకోసం ఇంకొకరు దస్తీ వేయడం ఆయన చూడలేదు. దాన్ని ఏం చేయాలో తెలియలేదు.

"తీసి కూసో," అంది సరోజన. "మా ఇంటాయన వస్తడని చెప్పి ఆపిన."

కూర్చున్నాడు. ఆమె తన చేత్తోనే ఆయన నడుముకు బెల్టు బిగించి, టప్పుమని శబ్దం వచ్చేదాకా నొక్కింది. మనిషిని సీటుకు కట్టేసే పట్టీ ఒకటి లోకంలో ఉందని తెలిసి ఆమెకు విమానాల మీద గౌరవం పెరిగింది.

రామనర్సయ్య మాత్రం కుదురుగా లేడు. మెడ చాచి ముందుకు చూస్తున్నాడు.

"ఏంది మళ్ల?"

"గా పిల్ల సూడు సరోజనా," అన్నాడు, నడిమి దారిలో ఉన్న ఎయిర్‌హోస్టెస్‌ను చూపిస్తూ. "మనమెక్కినకాడి నుంచి నిలవడే ఉన్నది."

"ఆమె డ్యూటీ గది. నీ డ్యూటీ గిది. కూసో."

విమానం కదిలింది. ఆ అమ్మాయి ముందుకు పోయి, గోడకున్న మడత కుర్చీ దించుకుని కూర్చుంది. అప్పుడు గాని రామనర్సయ్య వీపు సీటుకు ఆనలేదు.