మానిన తోలు

దయ్యాలూ శకునాలూ నేను నమ్మను. మా ఇంట్లో వాటిని నమ్మేవాడు మా తమ్ముడు సింహాద్రి. వాడు నమ్మేదాన్ని నేను నమ్మడం ఈ జన్మలో జరగదు. అయినా ఇది రాస్తున్నాను. ఎందుకంటే ఇది జరిగింది వాడికి కాదు, నాకు.

బిష్టుపూర్‌లో మాది తోలుకోట్లు బాగుచేసే దుకాణం. బోర్డు మీద నా పేరే ఉంది. జనం మాత్రం సింహాద్రి దుకాణం అనే అంటారు. నాన్న పోయేముందు తోలు కుట్టే మెషీన్ వాడికిచ్చాడు. పెద్దకొడుకుని, నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఇరవై రెండేళ్లయింది ఆ మాటకి. నేను మర్చిపోలేదు.

మొన్న చలికాలంలో యుద్ధవిమానాల కథతో సినిమా తీసేవాళ్లు ఈ చుట్టుపక్కల పాత రన్‌వే దగ్గర దిగారు. దుస్తులు చూసుకునే మేడమ్ మా దుకాణానికి పది పైలట్ కోట్లు తెచ్చింది. తొమ్మిది సినిమా కోసం కుట్టించినవి. ఒక్కటి మాత్రం యుద్ధకాలంలో ఎవరో పైలట్ నిజంగా వేసుకున్నది. అన్నీ ఒకేలా పాతబడినట్టు రంగు పూయించేసరికి అసలుదేదో వాళ్లకే తెలియకుండా పోయింది. దాన్ని తేల్చినవాడి పేరు సినిమాలో వేస్తామంది.

ఆ పేరు నాది కావాలనుకున్నాను.

మూడు రోజులు కూర్చున్నాను. తొమ్మిదింటి లోపల మెరిసే పాలిస్టర్ లైనింగ్, కొత్త జిప్. ఒక్కదాని లైనింగ్ నూలుది, చెమటకి నల్లబడింది. జిప్ పళ్ల సందుల్లో తుప్పు. ఎడమ ఛాతీ మీద తోలు పేరుపట్టీ పదింటికీ ఉంది, దీని పట్టీలో మాత్రం రెండో అక్షరం చెరిగింది. గుర్తుకోసం అదంతా కాగితం మీద రాసి బల్ల మీద పెట్టాను.

మేడమ్ వచ్చిన రోజు టీ చెప్పడానికి బయటికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి సింహాద్రి ఆ కోటు కాలర్‌లో ముఖం పెట్టి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు.

"యే వాలా ఉడా హై, మేడమ్," అన్నాడు. ఇది ఆకాశంలో ఎగిరిందట.

ఆవిడ మురిసిపోయి వాడి పేరు రాసుకుంది. మర్నాడు డైరెక్టర్ వస్తాడు, ఆయన ముందు మళ్లీ చెప్పమంది. నా కాగితం మీద టీ గ్లాసు పెట్టింది.

ఆవిడ వెళ్లాక అడిగాను. "నా కాగితం సదివీసి సెప్పీడం, పైగా వాసనా?"

"నీకు బోర్డు మీద పేరుంది కదన్నియ్యా. సినిమాల పేరు నాకుండనీ," అని నవ్వాడు.

మధ్యాహ్నం వాడు భోజనానికి కద్మాలో ఇంటికి వెళ్లగానే షట్టర్ సగం దించాను. అసలు కోటు పేరుపట్టీ విప్పి ఒక నకలు కోటుకి కుట్టాను. నకలు పట్టీ తెచ్చి అసలుదానికి కుట్టాను. వాడు పట్టీ చూసుకుని నకలు కోటు పట్టుకుంటాడు, అప్పుడు నేను అందరిముందూ లైనింగ్ తిప్పి చూపిస్తాను. అదీ నా ఆలోచన.

తోలు బట్టలాంటిది కాదు. సూది దిగిన చిల్లు మళ్లీ పూడదు. అందుకే మా పనిలో తప్పు కుట్టు వేస్తే క్షమాపణ లేదు. పట్టీలు ఒకే కొలతవి కావు కాబట్టి రెండు కోట్లకీ పాత చిల్లుల పక్కన కొత్త చిల్లులు పడ్డాయి. సూది నా ఎడమ చూపుడువేలులోకి కూడా దిగింది. కోట్లు బీరువాలో పెట్టి తాళం వేశాను. తాళంచెవి ఒకటే, అది నా జేబులోనే ఉంది.

మర్నాడు పొద్దున బీరువా నేనే తీశాను. డైరెక్టర్ ముందు సింహాద్రి మళ్లీ కళ్లు మూసుకుని వాసన చూసి, రెండో అక్షరం చెరిగిన కోటే పట్టుకున్నాడు.

"తప్పు!" అని అరిచాను. దాని లైనింగ్ బయటికి తిప్పాను.

నల్లబడిన నూలు లైనింగ్. తుప్పు పట్టిన జిప్. పట్టీ చుట్టూ నేను కోసి తీసేసిన పాత దారమే, ఎప్పుడూ కదలనట్టు.

"ఏటైందన్నియ్యా, కళ్లజోడు మర్సిపోయావేటి?" అన్నాడు వాడు. అందరూ నవ్వారు. మేడమ్ కూడా నవ్వింది.

వాళ్లు టీ తాగుతుంటే భూతద్దం పెట్టి పది కోట్లూ చూశాను. కంగారులో కోటు మారిందేమో అనుకున్నాను. మారినా చిల్లులు ఏదో ఒకదానిలో ఉండాలి కదా. ఎక్కడా లేవు. వాడే తెల్లారేలోగా పట్టీలు మళ్లీ మార్చాడనుకున్నా, చిల్లులు ఎలా పూడుస్తాడు? నేను కోసిన పాత దారం ముక్కలు మాత్రం సూదుల డబ్బాలో ఉన్నాయి. వేలు వాచి ఉంది.

ఈ సంగతి వాడికి చెప్పలేదు. చెబితే ఆ కోటు నా మాట విందన్నియ్యా అంటాడు.

సినిమా వచ్చింది. చివర పేర్లు అయ్యేదాకా కూర్చున్నాను. వాడి పేరు పడగానే వెనక వరసలో వాడే ఈల వేశాడు.

తేల్చింది నేను. సూది గుచ్చుకున్నది నాకు. నా వేలు మానడానికి పది రోజులు పట్టింది. ఆ తోలు మాత్రం వాడి కోసం ఒక్క రాత్రిలో మానింది. ఎలా మానిందో నాకు ఇప్పటికీ తెలియదు.