తాళం వేయని అంకె

నేనొక అబద్ధం ఆడి తొమ్మిదేళ్లయింది. ఇంగ్లీషులో నాలుగు మాటల వాక్యం. ఒక గదిలో, ఒకే ఒక మనిషి ముందు, అడిగిన వెంటనే అనేశాను. దాన్ని వెనక్కి తీసుకునే అవకాశం ఆ తర్వాత చాలా రోజులు నా చేతిలోనే ఉంది. ఒక్క రోజు కూడా వాడుకోలేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పలేక మీకు చెబుతున్నాను. నా పేరు వద్దు. ఆ అబద్ధం ఎవరి మీద ఆడానో ఆమె పేరు మార్చి మణి అంటాను. నేను అక్కా అని పిలిచేదాన్ని.

నార్త్ కెరొలైనాలోని క్యారీలో ఒక చిన్న కంపెనీలో ఇద్దరం పనిచేసేవాళ్లం. ఆమెది ఖమ్మం, నాది కాకినాడ. నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. నాకప్పుడు కారు నడపడం రాదు. క్యారీలో కారు లేకపోతే పాల డబ్బా తెచ్చుకోవడం కూడా కష్టమే. మొదటి వారమే నా అపార్ట్‌మెంట్ ముందు కారు ఆపి, రేపట్నుంచి నాతోనే రా అంది. ఆ తర్వాత ఆదివారాలు, మూతపడిన ఒక పెద్ద షాపు పార్కింగ్‌లో, నాకు డ్రైవింగ్ నేర్పింది. ఆమె భర్త ఉద్యోగం చేయడానికి వీల్లేని డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉండి, ఏడో తరగతి చదివే కూతురు సహస్రను చూసుకునేవాడు. ఇల్లు గడిచేది ఆమె ఉద్యోగం మీద. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే చేశానని మీరు గుర్తుపెట్టుకోవాలి.

మా కంపెనీ పని క్లినిక్‌లలో టీకాలు దాచే ఫ్రిజ్‌లను కనిపెట్టి ఉండే సాఫ్ట్‌వేర్. లోపల వేడి ఎనిమిది డిగ్రీలు దాటితే నర్సు ఫోన్‌కి అలారం వెళ్లాలి. అదంతా జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో ఉండేది. దాన్ని పైథాన్ అనే మరో భాషలోకి మార్చే పనిలో ఆ ఫ్రిజ్‌ల భాగం నాకు వచ్చింది.

కొంచెం ఓపిక పట్టండి, తప్పు ఇక్కడే ఉంది. క్లాస్ అంటే ప్రోగ్రామ్‌లో ఒక అచ్చు లాంటిది. అచ్చు ఒక్కసారి రాసుకుంటే దాన్నుంచి ఎన్ని ఫ్రిజ్‌లైనా తయారవుతాయి. అన్నింటికీ ఒకటే అయిన అంకెను ఆ అచ్చు మీదే రాస్తాం. కాన్‌స్టంట్ అంటాం. మాకు ఎనిమిది అలాంటి అంకె. జావాలో దాని ముందు ఒక మాట చేరిస్తే తాళం వేసినట్టే, ఎవరైనా మార్చబోతే ప్రోగ్రామ్ తయారే కాదు. పైథాన్‌లో అచ్చు మీది అంకెకు అలాంటి తాళం లేదు. పేరును పెద్ద అక్షరాలలో రాస్తారు. చూసినవాళ్లు ఇది ముట్టుకోకూడదని అర్థం చేసుకోవాలి. మర్యాద తప్ప మరో అడ్డు లేదు.

నేను పాత ఫైలు పక్కన పెట్టుకుని ఒక్కో లైను దింపుకుంటూ పోయాను. తాళం ఉన్నచోట పెద్ద అక్షరాలు రాశాను. అదే వారం ఒక క్లినిక్ వాళ్లు, గదిలో ఉంచే మందుల అల్మారాను కూడా కనిపెట్టి ఉండమన్నారు. దాని హద్దు ఇరవై అయిదు డిగ్రీలు. ఆ ఒక్క అల్మారా కోసం వేరే ఫైలులో ఒక లైను చేర్చాను. అది అల్మారా హద్దును కాకుండా అచ్చు మీది హద్దునే మార్చేస్తుందని గమనించలేదు. పాత భాషైతే అక్కడే ఆపేసేది. కొత్తది ఏమీ అనలేదు.

మా దగ్గర ఒకరు రాసింది మరొకరు చూసి అప్రూవ్ చేయాలి. నాది చూసేది మణక్క. ఆ శుక్రవారం మధ్యాహ్నం లంచ్ బాక్స్ చేత్తో పట్టుకునే నా డెస్క్ దగ్గరికి వచ్చింది.

“ఈ హద్దుకి తాళం పోయింది చూడు. రేపు ఎవరో ఒకరు మార్చేస్తరు, అన్ని ఫ్రిజ్‌లు పోతయ్. మారకుండ ఒక అడ్డం రాయి.”

“రాసేస్తానక్కా.”

అయిదింటికి బ్యాగు భుజానికి తగిలించుకుంటూ, “పెట్టినవా?” అని అడిగింది. సహస్ర స్కూల్లో ఆ సాయంత్రం వయొలిన్ ప్రోగ్రాం ఉంది. పెట్టేశాను అన్నాను. పెట్టలేదు. సోమవారం పొద్దున్నే పెడదామనుకున్నాను. ఆమె మళ్లీ తెరిచి చూడకుండా అప్రూవ్ నొక్కి వెళ్లింది.

సోమవారం మరిచిపోయాను. ఎందుకు మరిచిపోయానో చెప్పడానికి ఏ కారణమూ లేదు. ఆ అడ్డం రాసి ఉంటే నా లైను అప్పుడే బయటపడేది.

నెల తిరక్కుండా ఒక చిన్న ఊరి క్లినిక్‌లో శనివారం ఎవరో ఫ్రిజ్ తలుపు సరిగా వేయలేదు. లోపల పద్నాలుగు డిగ్రీలకు చేరింది. మా సాఫ్ట్‌వేర్‌కి హద్దు అప్పటికి ఇరవై అయిదు. అలారం మోగలేదు. సోమవారం ఉదయం నర్సు ఆ టీకాలే కొందరు పసిపిల్లలకు వేసింది. మధ్యాహ్నానికి ఎవరో ఫ్రిజ్ రీడింగులు చూశారు. ఆ తల్లులకు ఫోన్ చేసి, వేసిన టీకా పనిచేయకపోవచ్చు, మళ్లీ తీసుకురండి అని చెప్పవలసి వచ్చింది. ఎవరికీ జబ్బు చేయలేదు. ఈ మాట నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో. ఆ ఫోన్ అందుకున్నప్పుడు ఒక్కో తల్లికి ఎలా ఉండి ఉంటుందో మాత్రం ఆలోచించకుండా దాటేసేదాన్ని.

మేనేజర్ నన్ను ముందు పిలిచాడు. అరవలేదు, అలసిపోయి ఉన్నాడు. ఆ లైను రాసింది నేనేనని ఆయనకు తెలుసు, నేనూ ఒప్పుకున్నాను. అప్పుడు అడిగాడు, హద్దును అలా అడ్డం లేకుండా అచ్చు మీద వదిలేయడం ఎవరి ఆలోచన అని. నా వీసా ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉంది. ఆ క్షణంలో దాని గురించి ఆలోచించానా? ఆలోచించానని చెబితే కనీసం ఒక కారణం ఉన్నట్టుంటుంది. నిజానికి ఏమీ ఆలోచించలేదు. అది మణి ఐడియా అని ఇంగ్లీషులో నోరు అనేసింది. ఆయన రాసుకున్నాడు. దాంతో నాది కొత్తగా నేర్చుకునేవాళ్ల పొరపాటు అయింది. ఆమెది బాధ్యత ఉన్న మనిషి పొరపాటు అయింది.

తర్వాత ఆమెను పిలిచారు. నేను వెనక్కి వెళ్లి తలుపు తట్టవలసింది. నా సీట్లో కూర్చుని, ఏమీ కనిపించని స్క్రీన్ వైపు చూస్తూ ఉండిపోయాను.

ఆ సాయంత్రం ఎప్పటిలాగే ఆమె కారులోనే ఇంటికి బయలుదేరాం. ఏప్రిల్ నెల, అద్దం మీద పైన్ చెట్ల పసుపు పొడి. వైపర్ వేసి, అది మరింత అలుక్కుపోతే నీళ్లు కొట్టింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అంది:

“నీకు చెప్పిన అని నేను అన్లే.”

“అంటే?”

“అడ్డం పెట్టమని చెప్పిన, నువ్వు పెట్టిన అన్నవ్, అని అన్లే. చూడకుండ అప్రూవ్ చేసిన, తప్పు నాదే అన్న. చూడాల్సింది నేనే కద. నీ ఎక్స్‌టెన్షన్ ఇంకా రాలే. ఇద్దరం మునుగుడు ఎందుకు?”

నేను ఏం చెప్పానో ఆమెకు తెలియదు. ఆమె మౌనం నా అబద్ధానికి సరిగ్గా అతికిపోయింది. ఆ కారులో చెప్పవలసిన మాట ఒక్కటే ఉంది. దాని బదులు నేనేమన్నానో రాస్తున్నాను.

“థాంక్స్ అక్కా” అన్నాను.

గ్రీన్ సిగ్నల్ పడింది. కారు కదిలింది.

వారంలో ఆమెను తీసేశారు. వేరే ఉద్యోగం వెతుక్కోవడానికి అరవై రోజులు, దొరక్కపోతే దేశం వదలాలి. రెండు ఇంటర్వ్యూలకు నా కొత్త కారులో నేనే తీసుకెళ్లాను. ఆమె నేర్పిన డ్రైవింగే. పక్క సీట్లో కూర్చుని, మలుపు దగ్గర బ్రేక్ కొంచెం మెల్లగ, అనేది. ఉద్యోగం రాలేదు, హైదరాబాద్‌కు తిరుగు ప్రయాణం ఖాయమైంది. సామాను ఇచ్చేసే రోజున సహస్ర నన్ను పట్టుకుని, “ఆంటీ, నా ఆర్కెస్ట్రాలో నా చెయిర్ ఎవరికి ఇస్తారు?” అని వంకర తెలుగులో అడిగింది. నాకు తెలియదమ్మా అన్నాను. మూడేళ్ల వయసులో వచ్చిన పిల్ల. హైదరాబాద్ దానికి ఒక సెలవుల ఊరు.

నాకు ఎక్స్‌టెన్షన్ వచ్చింది. తర్వాత గ్రీన్‌కార్డ్‌కి కంపెనీయే అప్లై చేసింది. లంచ్ ఒక్కదాన్నే కారులో కూర్చుని తినడం అలవాటైంది. మణక్క మొదట్లో ఫోన్ చేసేది. నేనే తగ్గించాను. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా దగ్గరవుతున్నారంటే, ఏదో ఒక రోజు ఇది చెప్పాల్సి వస్తుందని ముందే భయపడి దూరం జరిగేదాన్ని. తెలుగువాళ్ల ఇళ్లలో పుట్టినరోజులకు పిలిస్తే గిఫ్ట్ ఇచ్చి, అన్నం తినకుండా వచ్చేసేదాన్ని. నేను మంచిదాన్ని కాదని తెలిసిన మనిషి ఎక్కడా లేకపోవడమే నా ఒంటరితనం. అది మీకు అర్థమవుతుందా? ద్వేషించేవాళ్లున్నా కొంత తోడుగా ఉండేదేమో.

ఇంకొకటి మిగిలింది. అన్నింటికంటే నేను ఎక్కువ సిగ్గుపడేది దీనికే. ఆ గొడవ తర్వాత నేనొక నియమం రాశాను. ఒక భాష నుంచి మరో భాషకు మార్చేటప్పుడు పాత భాష వేసిన ప్రతి తాళాన్నీ జాబితా రాసి, కొత్త భాషలో మన చేత్తో అడ్డం పెట్టాలి అని. మంచి నియమం. ఆఫీసులో దాన్ని నా పేరుతో పిలుస్తారు. లంచ్ బాక్స్ పట్టుకుని నిలబడి ఆమె చెప్పిన మాట అది.

పోయిన శీతాకాలం, టెక్సస్ నుంచి వచ్చి చేరిన ఒకాయన, నా వయసువాడే, మీటింగ్‌లో అందరిముందూ అడిగాడు, ఇంత జాగ్రత్త మీకెవరు నేర్పారు అని. సొంత అనుభవం అన్నాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. డెస్క్ దగ్గరికి వచ్చాక, ఆమె మాటను నాదిగా చెప్పి మళ్లీ అబద్ధమాడానని అర్థమైంది.

ఆ శనివారం ఆమెకు రాశాను. ఏ అలంకారమూ లేకుండా, గదిలో ఏం అడిగారో, ఏం చెప్పానో. క్షమించమని రాయలేదు. రాస్తే మళ్లీ ఆమెను ఏదో ఒకటి ఇమ్మని అడిగినట్టే.

పదకొండు రోజులకు జవాబు వచ్చింది.

“ఆ రోజు నీ పేరు తియ్యకపోవడం ఒక్కటే అక్కడ నేను చేసిన మంచి పని అనుకుంటూ వచ్చిన ఇన్నేళ్లు. సహస్రకు కూడా అదే చెప్పుకున్న. అది కూడా తీసుకున్నవ్. ఇంక రాయకు.”

ఇంక రాయలేదు. చెప్పి మంచి పని చేశానా? నా బరువు దింపుకోవడానికి ఆమె దగ్గర మిగిలిన ఒక్క మంచి జ్ఞాపకాన్ని పాడుచేశానా? రెండూ నిజమేమో.

ఆ జవాబు వచ్చిన తర్వాతి సోమవారం ఇప్పటి మేనేజర్‌కు చెప్పాను. పాతాయన ఎప్పుడో వెళ్లిపోయాడు. ఈమె విని, చాలా కాలం అయిపోయింది కదా, వదిలేయమంది. వదిలేయలేదు. అందరూ చదివే ఆ నియమం పేజీ తెరిచి నా పేరు తీసేశాను. దాని కింద ఇలా రాశాను: ఈ మాట మొదట చెప్పింది నాకంటే ముందు ఇక్కడ పనిచేసిన ఒక ఇంజనీర్. నేను చేశానని చెప్పి చేయలేదు. అడిగినప్పుడు నేరం ఆమె మీద వేశాను.

సేవ్ చేశాను. ఒకరిద్దరు చదివినట్టు మధ్యాహ్నానికే తెలిసిపోయింది. ఆఫీసు కిచెన్‌లోకి నేను వెళ్లగానే మాటలు ఆగాయి. టెక్సస్ ఆయన కాఫీ కప్పు కడుక్కుని, నావైపు చూడకుండా వెళ్లిపోయాడు. అలాగే ఉండాలి.

అక్కడే, ఆ టేబుల్ దగ్గరే కూర్చుని బాక్స్ మూత తీశాను. పక్కన ఎవరూ కూర్చోలేదు. నాకు చాలా ఆకలిగా ఉంది. అలా ఆకలి వేయడానికి సిగ్గేసింది. అయినా మొత్తం తిన్నాను.