మిల్లు గేటు ముందు మోదుగుపూల బతుకమ్మ

మా అత్తమ్మ అనసూయమ్మ గారు మొన్న పరమపదించారు. ఆ వార్త అందరికీ ఫోనులో చెప్పింది నేనే, చెబుతూ చెబుతూ నమ్మలేకపోయిందీ నేనే. ముందురోజే కదా, చింతపండులో గింజలు సరిగ్గా తీయలేదని దుకాణంలో నన్ను గదమాయించారు! మరిపెడ దారిలోని మా ఊరికి ఆమె కిరాణా దుకాణం చిరపరిచితం. కానీ ఆ ధీరమూర్తిని స్మరించుకోవలసింది ఉప్పూపప్పుల కోసం కాదు.

ప్రత్యేక రాష్ట్రోద్యమం ఉద్ధృతంగా సాగుతున్న రోజులవి. మూతపడిన బియ్యం మిల్లులో సాయుధ బలగాలు విడిది చేశాయి. నలుగురు గుమిగూడితే నేరమన్నారు. రోడ్డు మీద వంటావార్పు చేసిన యువకులను పట్టుకెళ్లి ఆ మిల్లులోనే ఉంచారు. మర్నాడు దూరపు జైలుకు తరలిస్తారట. వారిలో మా ఆయన, అంటే అత్తమ్మ ఏకైక కుమారుడు, ఉన్నాడు. ఊరంతా నీరుగారిపోయింది.

అత్తమ్మ మాత్రం తండా ఆడవాళ్లకు కబురంపి మోదుగుపూలు తెప్పించారు. మా చినమామయ్య అడ్డుపడ్డారు.

"వదినా, దసరా లేదు, తంగేడు లేదు, గిదేం బతుకమ్మ?"

"పిల్లలు లోపలున్నరు. తంగేడు పూసేదాక ఆగుమంటవా?"

ఇంటికొక ఆడమనిషి ఒడినిండా పూలతో, ఒంటరిగా నడిచి మిల్లు గేటుకు చేరాలి. అదీ ఆమె వ్యూహం. కలిసి నడవవద్దన్నారు కనుక ఎవరూ కలిసి నడవలేదు.

దుకాణం తలుపు చెక్కలు ఊడదీయించి, గేటు ముందు పరిపించి, వాటి మీద మనిషెత్తు బతుకమ్మను పేర్పించారు.

"గింత పెద్దదైతే మనం లేపలేం గదా, అత్తమ్మా?"

"మనం లేపలేకనే ఉండాలె, బిడ్డా."

చప్పట్లతో పాట అందుకున్నాం. జైలుకు పోవలసిన బండి గేటు లోపలే నిలిచిపోయింది.

అధికారి వచ్చి తీసెయ్యమని గద్దించాడు. అత్తమ్మ చేతులు జోడించారు.

"సారూ, గౌరమ్మను నిలబెట్టినంక నీళ్లల్ల సాగనంపాలె. గింత బరువు మోసేటోళ్లు మా మొగపిల్లలు. వాళ్లేమో మీ దగ్గరున్నరు."

ఆమెది పేరున్న వర్తక కుటుంబమని ఎవరో చెప్పినట్టున్నారు, ఆయన స్వరం తగ్గించాడు. "సరే, నీ కొడుకును తీసుకుపో" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఒప్పుకోమని ఆమె కొంగు లాగాను. ఆమె నా వైపు చూడనైనా లేదు.

"ఒక్కడు మోస్తే నడుమిరుగుతది సారూ. అందర్ని పంపుండ్రి."

పొద్దు వాలింది. పాట ఆగలేదు. చివరికి గేటు తెరుచుకుంది! లోపలున్న పిల్లలంతా బయటికొచ్చి బతుకమ్మను భుజాలకెత్తుకున్నారు. తుపాకులు పట్టినవాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు. చెరువు దాకా సాగింది ఊరేగింపు కాదు, సాక్షాత్తూ జైత్రయాత్ర. ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

రాష్ట్రం వచ్చిన రోజు, మిఠాయిలు పంచుతూ అడిగాను. "ఆనాడు మీ కొడుకు ఒక్కడే వచ్చినా ఎవరు తప్పుపడుతుండె, అత్తమ్మా?"

"ఎవ్వరు పట్టకపోదురు. కానీ మిగిలిన తల్లుల మొఖం ఎట్ల జూద్దును?"

అటువంటి మహామనస్విని మాకు మళ్లీ లభించదు. ఆమె పాదాలకు నా సాష్టాంగ ప్రణామాలు.

అంత్యక్రియల నాడు గుండు చేయించుకోవడానికి మా ఆయన పీట మీద కూర్చున్నాడు. ఆయన లేవగానే, మిల్లులోంచి వచ్చినవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు ఆ పీట మీదే కూర్చున్నారు. వాళ్లలో కొందరికి కన్నతల్లులు బతికే ఉన్నారు. ఆ తల్లులే వాళ్లను పంపారు.